నలభై ఒకటో ఊహ

మా ఇంట్లో ఒక గదిలో ఏం జరుగుతోందో నాకు తెలియకూడదని కాగితం మీద రాసి సంతకం పెట్టారు. పెట్టింది నేను కాదు, మా ఆడపడుచు. ఆ కాగితాన్ని నిలబెట్టే భారం మాత్రం, ఇంట్లో మిగతా భారాల్లాగే, నా నెత్తిన పడింది.

మా ఆడపడుచుకి ముప్ఫై రెండేళ్ళు. మా అందరికీ ఇంకా చిట్టే. బొమ్మల కథల పుస్తకాల్లో మనుషుల నోటి పక్కన బుడగలుంటాయే, వాటిలో మాటలు చేత్తో రాయడం తన పని. అంతకు ముందు పదేళ్ళపాటు మందుల డబ్బాలకీ షాపుల బోర్డులకీ అక్షరాలు రాసింది. ఊళ్ళో సగం పేర్లు దాని చేతి మీదుగా పోయాయి గానీ దాని పేరు ఎక్కడా పడలేదు. ఈ పుస్తకంలో మాత్రం పడుతుంది. లోపలి పేజీలో, కథ ఫలానా, బొమ్మలు ఫలానా, అక్షరాలు ఫలానా అని. ఆ మాట నాతో చెప్పిన రోజు చిట్టి మామూలుగానే చెప్పబోయింది. చెప్తూ చెప్తూ టీ గ్లాసు పట్టుకోవడం మర్చిపోయింది.

ఇక్కడే వచ్చింది చిక్కు. ఆ పుస్తకం 'మెట్ల కింది తలుపు'కి కొనసాగింపు.

'మెట్ల కింది తలుపు' ఎనిమిదేళ్ళ కిందట టీవీలో వచ్చిన దయ్యాల సీరియల్. గడియారాలు బాగుచేసే ఒకావిడ, పాత ఇల్లు, మెట్ల కింద ఒక తలుపు. పని సగంలో వదిలి చచ్చిపోయినవాళ్ళు ఆ తలుపు తీసుకుని వచ్చి, తమ పని పూర్తి చేసిపెట్టమని ఆవిడ ప్రాణం తీస్తుంటారు. ఆవిడ తల్లి మొదటి ఎపిసోడ్‌లోనే ఆ తలుపు లోపలికి వెళ్ళి మాయమైంది. డెబ్భై ఎనిమిదో ఎపిసోడ్‌లో గడియారాలావిడ తలుపు గడియ మీద చెయ్యి వేసింది. అవతలి నుంచి ఎవరో గడియ తీశారు. లైటు ఆరిపోయింది. మరుసటి వారం ఆ టైముకి వంటల పోటీ వచ్చింది. ఎవరూ ఏమీ చెప్పలేదు. సీరియల్ ఆపేశారట.

గడియ తీసిందెవరు?

ఎనిమిదేళ్ళుగా ఈ ఒక్క ప్రశ్న మీద కాలక్షేపం చేస్తున్న గుంపు ఒకటి ఉంది ఫోన్లో. రెండు వందల మంది ఉన్నా, నోరున్నవాళ్ళు పది మంది. అందులో 'మూడో మెట్టు' అనే లెక్కల లెక్చరర్ ఎవరు ఏ ఊహ చేసినా దానికో నంబరు ఇచ్చి పెట్టుకుంటాడు. 'గబ్బిలం' నైట్ డ్యూటీ నర్సు. 'లిఫ్ట్ మెకానిక్' నిజంగానే లిఫ్ట్ మెకానిక్, పేరు పెట్టుకునే ఓపిక లేక అలా వదిలేశాడు. నా పేరు 'ఇస్త్రీపెట్టె'. సీరియలంతా నేను ఇస్త్రీ చేస్తూ చూశాను మరి. ఇస్త్రీ చేస్తూ చూసేవాళ్ళకి మొహాల కన్నా బట్టలు ఎక్కువ కనిపిస్తాయి.

ఆరు సంచికల పుస్తకంగా కథ మళ్ళీ మొదలవుతోందని తెలిసిన రోజు గుంపులో పండగే. అదే వారం చిట్టి సంతకం పెట్టి వచ్చి, "వదినా, ఏమీ అడక్కు, నేనేమీ చెప్పను" అంది.

"అడిగితే ఒట్టు" అన్నాను.

అడగలేదు. నాలుగు నెలలు ఆ గది గడప తొక్కలేదు. బల్ల మీద కాగితాలుంటాయి కదా అని ఊడ్చను కూడా లేదు. టీ తెచ్చి బయట స్టూలు మీద పెట్టి, తలుపు మీద రెండు సార్లు కొట్టి వెళ్ళిపోయేదాన్ని. నేనెంత పెద్దమనిషినంటే, గుంపులో ఉన్నానని కూడా చిట్టికి చెప్పలేదు. చెబితే మొహం మీద ఏదైనా తెలిసిపోతుందేమోనని, దానికి ఇబ్బందని. ఇంత మర్యాద ఏ ఇంట్లోనూ ఉండకూడదు. మా కొంప ముంచింది అదే.

రెండో సంచిక మార్కెట్లోకి వచ్చింది. చివరి బొమ్మలో గడియారాలావిడ ఇంటి పెరడు, ఖాళీ దండెం, దాని మీద మూడు క్లిప్పులు. అంతే. అది చూసి నాకు చేతులు ఆగలేదు. కూర పొయ్యి మీద పెట్టి, ఫోన్ తీసి, గుంపులో రాసేశాను:

"మొదటి ఎపిసోడ్‌లో తల్లి బట్టలు ఆరేసింది, చూశారా? చొక్కా తలకిందులుగా, జేబు బయటికి లాగి, రెండు బట్టలు కలిసిన చోట ఒకే క్లిప్పు. చివరి ఎపిసోడ్‌లో గడియారాలావిడ పొద్దున్నే తాళం వేసి షాపుకి పోయింది. సాయంత్రం వచ్చి మెట్ల వైపు నడుస్తుంటే వంటింటి కిటికీలోంచి రెండు సెకన్లు దండెం కనిపిస్తుంది. ఒక తువ్వాలు, ఒక దిండు గలేబు, ఒక చొక్కా. చొక్కా తలకిందులుగా ఉంది. జేబు బయటికి ఉంది. అంచు నుంచి నీళ్ళు కారుతున్నాయి. నీళ్ళు కారుతున్నాయంటే ఉతికి పావుగంట. తాళం వేసిన ఇంట్లో ఉతికిందెవరు? తల్లి ఎక్కడికీ పోలేదు. అదే ఇంట్లో, మనకి కనపడని వైపు ఉంది. డెబ్భై ఎనిమిది ఎపిసోడ్లలో ఆ అమ్మాయి ఒక్క గుడ్డ ఉతకలేదు, ఒక్క రోజు మాసిన బట్ట కట్టలేదు. మీరంతా దాన్ని సీరియల్ అనుకున్నారు. నేను అమ్మ అనుకున్నాను. గడియ తీసింది ఆవిడే. రాబోయే సంచికల్లో ఆ దండెం మీద బట్టలు పడతాయి, చూడండి."

కూర మాడింది. గుంపులో నవ్వులు పడ్డాయి.

"అక్కా, చచ్చాక కూడా చాకిరీయేనా మీకు?" అన్నాడు లిఫ్ట్ మెకానిక్.

"షూటింగులో పొరపాటయ్యుంటుందండీ, బట్టలు తీయడం మర్చిపోయి ఉంటారు" అంది గబ్బిలం.

మరునాడు, బుధవారం, మధ్యాహ్నం చిట్టి గది తలుపు తెరుచుకుంది. ఫోన్ చేతిలో ఉంది.

"వదినా, ఇస్త్రీపెట్టె నువ్వేనా?"

"నేనే. ఏం?"

"నా గదిలోకి వచ్చావా?"

చిట్టి నన్ను అలా ఎప్పుడూ అడగలేదు. పెళ్ళై వచ్చిన పదిహేనేళ్ళలో అది నా చీరలు అడక్కుండా కట్టుకుంది, నేను దాని పెన్నులు అడక్కుండా వాడాను. దొంగతనం అనే మాట మా మధ్య లేదు.

"రాలేదు. కావాలంటే నీ గదిలో నేల చూడు. నేను అడుగుపెట్టి ఉంటే అంత దుమ్ముంటుందా?"

వెనక్కి తిరిగి నేల వైపు చూసింది. నిజంగానే చూసింది. తర్వాత గుమ్మంలోనే కూలబడింది.

విషయం ఇది. పబ్లిషర్ ఆఫీసులో ఎవరో మా గుంపు చదువుతారు. నేను రాసింది ఎడిటర్ గారికి చూపించారు. ఇంకా అచ్చు కాని పేజీలు చూసినవాళ్ళు మొత్తం ఐదుగురు. కథ రాసినావిడ, బొమ్మలు వేసినాయన, రంగులు వేసినాయన, ఎడిటర్, చిట్టి. ఎడిటర్ గారు ఐదుగురికీ ఫోన్ చేసి, ఈ ఇస్త్రీపెట్టె ఎవరో తెలుసా అని అడిగారు. చిట్టి అది చదివి, చదివే కొద్దీ నా గొంతు వినిపించి, మా వదినై ఉంటుందని చెప్పేసింది.

"నువ్వే చెప్పావా?" అన్నాను.

"తర్వాత వాళ్ళకి తెలిస్తే ఇంకా ఏం బాగుంటుంది?"

"ఇంతకీ నేను రాసింది..."

"వదినా, అడక్కు. ఒప్పని చెప్పలేను, తప్పని చెప్పలేను. శుక్రవారం పదకొండింటికి రమ్మన్నారు. అప్పటిదాకా పేజీలు పంపరు. ఇంకొకరి చేత రాయించుకుంటారేమో. ఒకసారి నోరు జారే మనిషని పేరొస్తే ఈ పనిలో ఇంకెవరూ పిలవరు."

సాయంత్రం మా ఆయన వచ్చారు. ఆయనది కళ్ళజోళ్ళ షాపు. ఊరందరికీ చూపు సరిచేసి ఇంటికొచ్చి, ఎదురుగా ఉన్న తువ్వాలు ఎక్కడుందని అడుగుతారు. అంతా విని తేల్చేశారు.

"దీనికింత రాద్ధాంతమేంటి? ఊహించానని నిజం చెప్పు, అయిపోతుంది."

"దొంగ దొరికినా అదే చెబుతాడు అన్నయ్యా" అంది చిట్టి.

ఆయన తువ్వాలు ఎక్కడుందని అడిగారు.

నేను గిన్నెలు తోముతూ ఆలోచించాను. ఊహించానని మాటతో చెబితే ఎవరూ నమ్మరు. కానీ ఈ బట్టల సంగతి నేను నిన్నే మొదటిసారి రాయలేదు. సీరియల్ ఆగిపోయిన కొత్తలో, మా పాత వెబ్‌సైటులో ఇదే మాట రాశాను. అప్పటికి ఈ పుస్తకమే లేదు. చిట్టి అప్పటికి దగ్గు మందు సీసాల మీద 'బాగా కలిపి వాడండి' అని రాస్తోంది. ఆ రాత ఒకటి దొరికితే చాలు. కానీ ఆ వెబ్‌సైటు మూతపడి ఐదేళ్ళు. అందులో ఉన్నదంతా దాంతోనే పోయింది.

చెయ్యి తుడుచుకుని గుంపులో రాశాను. "పాత సైటులో మనం రాసినవి ఎవరి దగ్గరైనా ఉన్నాయా? శుక్రవారం పొద్దుటికి కావాలి. ఎందుకో చెప్పలేను. చెప్పగలిగితే చెప్పేదాన్నే."

ఎందుకో చెప్పకుండా అడిగితే ప్రాణం తీసే జనం వాళ్ళు. ఒక దీపం ఎందుకు ఆరిందని మూడేళ్ళు కొట్టుకున్నవాళ్ళు. ఆ రోజు ఒక్కరు కూడా ఎందుకని అడగలేదు.

మూడో మెట్టు గారు పది నిమిషాల్లో జవాబిచ్చారు. "అన్నీ ఉన్నాయి. ప్రింటు తీసి ఫైలు చేశాను. ఫొటో పంపమంటారా?"

"ఫొటో అయితే కల్పించారంటారేమోనండీ. అసలు ఫైలే కావాలి" అన్నాను.

"అయితే ఒకటుంది. నేను ఊరికి ఈ చివర. రేపు పరీక్షల డ్యూటీ, కదల్లేను."

వెంటనే లిఫ్ట్ మెకానిక్ వచ్చాడు. "సార్, మీ కాలేజీ లిఫ్ట్ మాదే. రేపు మధ్యాహ్నం వస్తాను, తీసుకుంటాను. సాయంత్రం పెద్దాసుపత్రి లిఫ్టు చూడాలి. అంతకన్నా ముందుకి రాలేను అక్కా, ఎల్లుండి బయటి ఊళ్ళో పని."

గబ్బిలం అంది. "పెద్దాసుపత్రా? నా డ్యూటీ అక్కడే. మూడో అంతస్తులో ఇచ్చిపొండి. పొద్దున దిగాక నేను పట్టుకెళ్తాను. అడ్రసు చెప్పండి ఇస్త్రీపెట్టె గారూ."

నేను వంటింట్లో నిలబడి అడ్రసు కొట్టాను. తప్పులు పడ్డాయి. రెండు సార్లు సరిచేశాను.

శుక్రవారం పొద్దున్న ఎనిమిదింటికి బెల్లు మోగింది. గుమ్మంలో పొట్టిగా, నిద్ర లేని కళ్ళతో ఒకమ్మాయి. చంకలో లావుపాటి పసుపు ఫైలు.

"ఇస్త్రీపెట్టె?"

"గబ్బిలం?"

ఎనిమిదేళ్ళ పరిచయం, మొహం చూడ్డం అదే మొదలు. ఇద్దరం వెర్రి నవ్వు ఒకటి నవ్వాం.

"లోపలికి రండి, టిఫిన్ చేసి వెళ్దురు గాని."

"వద్దండీ, కూర్చుంటే అక్కడే నిద్రపోతాను." ఫైలు నా చేతిలో పెట్టింది. "ఏంటని అడగను. ఏదో ఉంది కదా?"

"ఏమీ లేదు."

"సరే. ఏమీ లేనిదానికి రెండు బస్సులు మారి వచ్చానన్నమాట." నవ్వి వెళ్ళిపోయింది. మెట్లు దిగి మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడ్డాను. మంచినీళ్ళయినా ఇవ్వలేదని అప్పుడు గుర్తొచ్చింది.

పబ్లిషర్ ఆఫీసు రెండో అంతస్తులో ఉంది. కుర్చీల మీద కూడా కాగితాలే. ఎడిటర్ గారు రెండు కుర్చీలు ఖాళీ చేసి, ఆ కట్టలు నేల మీద పెట్టి, వాటికి కాలు తగలకుండా కూర్చోమన్నారు. మంచి మనిషిలాగే ఉన్నారు. అందుకే ఇంకా భయం వేసింది. కిటికీ దగ్గర తెల్లజుట్టు పొట్టిగా కత్తిరించుకున్న ఒకావిడ నిలబడి ఉంది. సీరియల్ రాసిందీ, ఇప్పుడు ఈ పుస్తకం రాస్తున్నదీ ఆవిడేనని చిట్టి గుసగుసగా చెప్పింది. ఇంకో సందర్భమైతే ఆటోగ్రాఫ్ అడిగేదాన్ని.

"చూడండమ్మా" అన్నారు ఎడిటర్ గారు, "ఈ అమ్మాయి పని మీద మాకేం ఫిర్యాదు లేదు. కానీ అచ్చు కాని పేజీ ఉన్నదున్నట్టు బయటికొస్తే..."

"నేనేమీ చూడలేదండీ. నేను ఊహించాను."

"జేబుతో సహా?"

"జేబుతోనే మొదలైంది."

ఫైలు తెరిచి ఆయన ముందు పెట్టాను. మూడో మెట్టు గారు చీటీ పెట్టి ఉంచారు. పాత ప్రింటు, పసుపెక్కిన కాగితం, పైన వెబ్‌సైటు పేరు, తేదీ. ఎనిమిదేళ్ళ కిందటిది. 'ఊహ 41. పెట్టినవారు: ఇస్త్రీపెట్టె. సమర్థించినవారు: ఒకరు (స్వయంగా).' పక్కన పెన్నుతో 'బలహీనం' అని రాసుంది. దాని కింద పెన్సిలుతో, కొత్తగా, 'క్షమించాలి. నిన్న మళ్ళీ చదివాను. బలహీనం కాదు' అని.

అది నేను అప్పుడే చూశాను. కళ్ళు చెమర్చాయి. ఎడిటర్ గారు అది నేరం ఒప్పుకోవడం అనుకుంటారేమోనని గబగబా తుడుచుకున్నాను.

ఆయన చదివి రచయిత్రి చేతికిచ్చారు. ఆవిడ నిలబడి చదివింది. కూర్చుని ఇంకోసారి చదివింది.

"రెండు సెకన్లు కనిపించింది" అంది. "మీరెలా చూశారు?"

"చొక్కా తలకిందులుగా ఆరేస్తే భుజాల మీద క్లిప్పు గుర్తులు పడవండీ. ఇస్త్రీ తేలిక. జేబు బయటికి లాగితే మడతలో తడి ఉండిపోదు. అలా ఆరేసే మనిషి ఎవరా అని ముచ్చటపడి మొదటి ఎపిసోడ్‌లోనే గుర్తుపెట్టుకున్నాను. మళ్ళీ ఆఖర్న అదే చెయ్యి కనిపించింది."

ఆవిడ పకపకా నవ్వింది. ఆ నవ్వు మధ్యలో ఆగింది.

"ఒక సంగతి చెబుతాను, ఏమనుకోకండి. ఆ బట్టలు నేను రాయలేదు. మా కాస్ట్యూమ్స్ చూసే ఆవిడ పెట్టింది. సెట్లో ఎండ ఆ పెరట్లోనే బాగా పడేదట. రోజూ ఉతికి అక్కడే ఆరేసేది, షాటుకి ముందు తీసేసేది. ఆ రోజు తీయడం మర్చిపోయింది. మొదటి ఎపిసోడ్‌లో తల్లి వేషం వేసినావిడకి బట్టలు ఆరేయడం రాకపోతే, అప్పుడూ ఈవిడే ఆరేసి పెట్టింది. సీరియల్ ఆపేశాక ఒక రోజు ఏడుస్తూ ఆఖరి ఎపిసోడ్ చూస్తుంటే నాకు ఆ దండెం కనిపించింది. అప్పటిదాకా గడియ తీసిందెవరో నాకే తెలియదు."

"మీకే తెలియదా?" అంది చిట్టి.

"తెలిస్తే వాళ్ళు ఆపేస్తామన్నప్పుడు చెప్పుకునేదాన్నిగా! ఆ చొక్కా చూశాకే ఈ ఆరు సంచికలూ వచ్చాయి."

గబ్బిలం అన్నదే నిజమైంది, బట్టలు తీయడం మర్చిపోయారు. నేను చిన్నబోవాలి కాబోలు. ఎనిమిదేళ్ళు ఒక మరుపు చుట్టూ తిరిగానన్నమాట. కానీ నాకు చెప్పలేనంత ఆనందం వేసింది. ఎవరో ఒక మనిషి తన పని తాను శుభ్రంగా చేసుకుపోతే, దాన్ని చూసి ఒకావిడ కథ రాసింది, ఒకావిడ కథ ఊహించింది. మా ఇద్దరికీ అన్నం పెట్టింది ఆ చెయ్యే.

"ఆవిడ ఇప్పుడెక్కడున్నారండీ?" అన్నాను.

"ఏదో నాటకాల కంపెనీలో ఉంది. అప్పుడప్పుడూ ఫోన్ చేస్తుంది."

"మరి ఆ లోపలి పేజీలో, కథ, బొమ్మలు, అక్షరాలు అంటూ పేర్లు వేస్తారు కదా. ఇంకో లైనుకి చోటుందా?"

రచయిత్రి, ఎడిటర్ మొహామొహాలు చూసుకున్నారు.

"ఇది నాకెందుకు తట్టలేదు!" అందావిడ.

ఎడిటర్ గారు చిట్టి వైపు తిరిగారు. "పేజీలు మధ్యాహ్నానికి పంపిస్తానమ్మా. రెండు రోజులు నిన్ను బాధపెట్టాం, ఏమీ అనుకోకు. ఆ లోపలి పేజీలో ఇంకో పేరు పడుతుంది, చోటు చూసుకో." తర్వాత నా వైపు. "మీరు మాత్రం ఆరో సంచిక దాకా ఇది ఒప్పని ఎవరికీ చెప్పకూడదు. రాసింది తీసేయకండి కూడా, అనుమానం వస్తుంది. అలా ఉండనివ్వండి."

"దానికేం భయం లేదండీ. ఎవరూ నమ్మలేదు."

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో రెండు స్టాపులు దాటాక చిట్టి అంది.

"దుమ్ము చూడమన్నావు చూడు, నేను నిజంగా చూశాను వదినా."

"చూడమన్నాను కదే, చూశావు."

"చూడకుండా ఉండాల్సింది."

"నీ జాగాలో నేనైతే వేలితో గీసి కూడా చూసేదాన్ని" అన్నాను. కొంచెం నవ్వింది. నా భుజానికి ఆనుకుంది.

"లోపలి పేజీ ఇంకా రాయలేదు. ఆఖర్న రాద్దామని ఉంచుకున్నాను. ఇన్నాళ్ళూ ఎవరెవరి పేర్లో గీత గీసినట్టు రాశాను. నాది రాసేటప్పుడు చెయ్యి వణుకుతుందేమో."

"వణకనీ. దయ్యాల పుస్తకంలో అక్షరం వణికితే ఎవరూ తప్పు పట్టరు."

ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుని గుంపు తెరిచాను. "మూడో మెట్టు గారికి, లిఫ్ట్ మెకానిక్ తమ్ముడికి, గబ్బిలానికి, ఎందుకని అడగని మీ అందరికీ, మా ఇంటిల్లిపాది తరఫున దణ్ణాలు" అని రాశాను. నిజంగానే ఫోన్ బల్ల మీద పెట్టి దణ్ణం పెట్టాను. మా ఆయన అప్పుడే భోజనానికి వచ్చి, చూడనట్టు తువ్వాలు వెతుక్కున్నారు.

నిమిషం కాలేదు, మొదలుపెట్టారు. ఇస్త్రీపెట్టె గారు దణ్ణాలెందుకు పెట్టారు? లాటరీ తగిలిందని ఒకరు. ఇల్లు కొన్నారని ఒకరు. సీరియల్ రాసినావిడ దూరపు బంధువని ఒకరు. మూడో మెట్టు గారు నంబర్లు ఇచ్చుకుంటూ పోతున్నారు. గబ్బిలం నిద్ర లేచి రాసింది. "ఆవిడ ఇంట్లో ఎవరో ఆ పుస్తకానికి పనిచేస్తున్నారు. ఆవిడ ఊహ వల్ల వాళ్ళకేదో ఇబ్బంది వచ్చింది. ఫైలుతో అది తీరిపోయింది."

అది చదివి ఫోన్ బల్ల మీద బోర్లా పెట్టేశాను. ఉన్న అభిమానమంతా ఆ పిల్ల మీద పొంగుకొచ్చింది.

మిగతావాళ్ళు ఊరుకోలేదు. ఇదేం కథ, ఎవరైనా నమ్ముతారా, అంత చిన్న ఊహకి ఎవరికి ఏం ఇబ్బంది వస్తుంది అంటూ అరగంటలో దాన్ని పీకి పందిరేశారు. నేనూ అన్నం వడ్డిస్తూ మధ్యమధ్యలో వచ్చి, నా వంతు నాలుగు పీకులు పీకి వెళ్ళాను.